తల్లి పత్తెం

రఘుపతి ఎదురుపడితే ఏం చెయ్యాలన్నది నర్సింగం ఈ రెండు రోజుల్లో చాలాసార్లు ఆలోచించాడు. కొట్టడానికి లేదు, ఎడమ చెయ్యి డయాలిసిస్ మిషనుకు ఇచ్చేసిన చెయ్యి, దాంతో నీళ్ల బకెట్టు కూడా ఎత్తకూడదు, కుడి చేత్తో కొట్టేంత కోపం ఒంట్లో మిగల్లేదు. తిట్టడానికీ లేదు. నాలుగు మాటలు గట్టిగా అంటే నోరు ఎండుకుపోతుంది, ఎండిన నోటికి పొయ్యడానికి రోజంతటికీ ఏడు వందల మిల్లీలీటర్ల నీళ్లే రాసిచ్చారు, అందులోంచి రఘుపతి కోసం ఖర్చు పెట్టడం ఎందుకు. ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. రఘుపతి మాత్రం కళ్ల ముందు నుంచి పోడు. బొగ్గుబాయి మీద ల్యాంపురూములో దీపాలు ఇచ్చే పని చేసి రిటైరైనవాడు, రిటైరయ్యాక షుగరు తగ్గించుకుని కాలనీకంతా తిండి గురువైనవాడు. తెల్ల లాల్చీ, భుజాన కొర్రల సంచి, మే నెల ఎండలో కూడా నుదుటి మీద చెమట చుక్క కనబడదు. క్వార్టరు గుమ్మంలో నిలబడి, 'ఉప్పు తెల్ల విషం తమ్మీ, విషాన్ని ఎవడన్న ఇంట్ల పెట్టుకుంటడా?' అంటాడు. తలుపు పక్కన నిలబడి నర్సింగం తల్లి సారవ్వ వింటుంది. వాడు ఆ మాట అనకపోతే డెబ్బై నాలుగేళ్ల సారవ్వ ఈ ఆడవాళ్ల వార్డులో పదకొండో మంచం మీద, కన్న కొడుకును కొడుకని గుర్తుపట్టకుండా పడి ఉండేది కాదు. నర్సింగం పట్టుకున్న మాట ఇదే. ఇందులో ఎక్కడో ఒక చోట తప్పుందని అతనికి తెలుసు. ఆ చోటుకు పోకుండా రెండు రోజులుగా దాని చుట్టే తిరుగుతున్నాడు.

మధ్యాహ్నం రెండు దాటింది. భార్య జమున ఇంటికి పోయింది, ఒంటి మీద నాలుగు చెంబులు పోసుకుని అత్తకు జావ కాచి తెస్తానని. ఆమె వచ్చేదాకా, అంటే మూడింటిదాకా, అతను కూర్చోవాలి. నాలుగింటికి కింది అంతస్తులో అతని మిషను. వారానికి మూడు దినాలు, నాలుగేసి గంటలు, ఒంట్లో రక్తం బయటికి పోయి ఒక గొట్టంలోంచి తిరిగి వస్తుంది, వచ్చేటప్పుడు ఉప్పును, నీళ్లను అక్కడే వదిలేసి వస్తుంది. కింద కొడుకులోంచి ఉప్పు తీస్తారు, పైన తల్లిలోకి ఉప్పు ఎక్కిస్తారు. ఇది ఆలోచిస్తే ఏదో ఒకటి అనిపించాలి, ఏడుపో నవ్వో. ఏమీ అనిపించలేదు. సీసాలోంచి చుక్క పడుతుంది, ఆగుతుంది, ఇంకో చుక్క. జల్దిగా ఎక్కిస్తే మెదడుకు దెబ్బ అని డాక్టరమ్మ చెప్పింది, అందుకే ఇంత నిదానం. లెక్కపెట్టాడు. నిమిషానికి ఎనిమిది. మళ్లీ లెక్కపెడితే మధ్యలో మరిచిపోయాడు. అవ్వ నోరు కొద్దిగా తెరిచి ఉంది, పై పెదవి మీద ఎండిన జావ మరక. తుడవాలి. జేబురుమాలు జేబులో ఉంది. చెయ్యి జేబుదాకా పోవడానికి చాలా దూరం ఉన్నట్టుంది. కాసేపయ్యాక తుడుద్దాం.

పక్క మంచం మీద ఒక ముసలామె, ఆమె కోడలు జహీరా. రెండు రోజుల్లో వార్డులో అందరి సంగతులూ జహీరాకు తెలిసిపోయాయి. ఆమె చేతిలో ఎప్పుడూ విసనకర్రలాగా ఒక అట్టముక్క ఉంటుంది, అత్తకు నాలుగు విసుర్లు, తనకు ఒకటి. ఆ ఒక్కటి ఈసారి నర్సింగం వైపు విసిరింది.

'అన్నా, మా అత్తకేమో ఉప్పు బంద్ అన్నరు. మీ అవ్వకేమో సీసల పోసి ఎక్కిస్తుండ్రు. ఇద్దరిని ఒక గంజుల ఏసి కలిపితె సరిపోతది గదా.'

'నన్ను ఉడకబెడితె గాని నీకు ఠండా పడదు,' అంది మంచం మీది అత్త, కళ్లు తెరవకుండానే.

'చూసినవా అన్నా, నిద్రల గూడ నా మాటలే ఇంటది.'

నర్సింగం నవ్వుదామనుకున్నాడు. మూతి దాకా వచ్చి ఆగింది. ముందు ఇట్లా లేడు, బాయిలోకి దిగే చైర్ కారులో కూర్చుంటే చుట్టూ నలుగురు అతని మాటల కోసమే కూర్చునేవాళ్లు, సూపర్‌వైజరు నడక నడిచి చూపించేవాడు, ఎవరి పెళ్లాం ఎవరికి టిఫినులో ఏం పెట్టిందో వాసనతో చెప్పేవాడు. ఆ మనిషి ఎటు పోయాడు. సిక్కులో ఉన్నాడు, ఏడాదిన్నరగా డ్యూటీ లేదు, సిక్కులో ఉన్నవాడికి నవ్వుకు కూడా సెలవే కావచ్చు.

మొన్న పొద్దున అవ్వ పొయ్యి దగ్గర కూలబడింది. ముందు రోజు నుంచే మాట తేడాగా ఉంది, జమునను తన చెల్లెలి పేరుతో పిలిచింది, నర్సింగాన్ని చూసి ముసుగు సర్దుకుంది, ఎన్నడో పోయిన తన మొగుడు బుచ్చన్న అనుకుని. ఎండదెబ్బ అనుకున్నారు. ఆటోలో తెస్తే డాక్టరమ్మ రక్తం తీయించి, సోడియం నూట పన్నెండు ఉంది, నూట ముప్పై అయిదు ఉండాలి అంది. ముసలామె ఏం తింటది అని అడిగింది. అందరం తినేదే మేడం అంది జమున. ఉప్పు ఎన్ని దినాల నుంచి మానేసింది అని అడిగింది. మానేయలేదు మేడం అంది జమున. ఎండకు కడుపు నిండా నీళ్లు తాగడం, అసలే ఉప్పు లేని తిండి, దానికి తోడు బీపీ గోలి, అన్నీ కలిస్తే ఇట్లయితది, ఇంకొక్క రోజు ఆగితే ఫిట్స్ వచ్చేటివి అని డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ పోయింది. ఆ సాయంత్రం నర్సు జావ తాగించబోతే అవ్వ స్పూనును చేత్తో తోసేసి, కళ్లు మూసుకునే, స్పష్టంగా అంది. 'ఉప్పెయ్యకు. పిల్లగాడు పాలు తాగుతుండు.' నర్సుకు అర్థం కాలేదు. జహీరాకు అర్థం కాలేదు. జమున మాత్రం నర్సింగం మొహంలోకి చూసింది. అతను కిటికీలోంచి కరెంటు ప్లాంటు పొగగొట్టాలు చూశాడు. మూడు కనబడ్డాయి, నాలుగోది ఎండలో కలిసిపోయింది.

పాలు తాగే పిల్లకు జబ్బు చేస్తే పత్తెం పిల్లకు ఉండదు, తల్లికి ఉంటుంది. తల్లి తిన్నదే పాలలోకి దిగుతుంది గనక తల్లి ఉప్పూ పులుపూ కారం మానేసి చప్పిడి కూడు తినాలి. నర్సింగం ఆరు నెలల పిల్లవాడప్పుడు పసిరికలు అయి, కళ్లు, గోళ్లు, ఉచ్చ అంతా పసుపుపచ్చగా తిరిగితే, సారవ్వ ఇరవై ఒక్క రోజు చప్పిడి తిని, అదే కడుపుతో నాట్లకు పోయి, కొడుకును బతికించుకుంది. పసరు పోసిన మనిషి గొప్పేమీ లేదు, నా పత్తెమే గొప్ప అని ఆమె చెబుతుంది. ఆ కథ నర్సింగం నూరుసార్లు విన్నాడు, విన్న ప్రతిసారీ కథ మధ్యలోనే లేచి పోయేవాడు. అతనికిప్పుడు యాభై ఒకటి. తల్లి పత్తెం ఎన్నో ఏట ముగుస్తుందో ఆ ఇరవై ఒక్క రోజులు పెట్టినవాళ్లెవరూ సారవ్వకు చెప్పినట్టు లేదు.

రఘుపతి దగ్గరికి మళ్లీ పోయాడు మనసులో. అక్కడ సుఖంగా ఉంటుంది. మిషను ఎక్కడం మొదలై ఆరు నెలలైనప్పుడు రఘుపతి ఒక రంగుల కాగితం తెచ్చాడు, గోదావరి అవతల మామిడితోటలో శిబిరం, మూడు నెలల్లో కిడ్నీలు కడిగి కొత్తవి చేస్తారని. మిషను అనేది వ్యాపారం తమ్మీ, తిండే మందు, ఒక్కసారి వచ్చి చూడు. అక్కడ పడుకోవడానికి నులక మంచాలు, పొద్దున్నే బూడిదగుమ్మడి రసం, పది గంటలకు కొబ్బరినీళ్లు, మధ్యాహ్నం ఆకుకూరల కషాయం, సాయంత్రం మళ్లీ కొబ్బరినీళ్లు. మొదటి రోజు నర్సింగానికి బాగా అనిపించింది. నిజం చెప్పాలంటే అప్పటికి నెలలుగా అతను చూసినవాటిలో బాగున్నది ఆ ఒక్క రోజే, నీళ్లు తాగొద్దని చెప్పే మనిషి లేడు, కొబ్బరినీళ్లు గొంతులోంచి దిగుతుంటే ఎదలో ఏదో కదిలింది. మిషను మానేశాడు. అయిదో రోజుకు కాళ్లు తనవి కానట్టయ్యాయి. ఆరో రోజు గుండె ఒక దెబ్బ కొట్టి, రెండో దెబ్బ కొట్టాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెట్టింది. జమున అంబులెన్సు పిలిస్తే శిబిరంవాళ్లు గేటు దాకా వచ్చి, విషాలు బయటికి పోయేటప్పుడు గిట్లనే ఉంటదమ్మా అన్నారట. దవాఖానలో పొటాషియం ఏడు దాటిందన్నారు. కిడ్నీ లేనివాడికి కొబ్బరినీళ్లు పోసిన మొనగాడెవడు అని ఒక పిల్ల డాక్టరు అడిగాడు. రఘుపతి అని నర్సింగం చెప్పలేదు. గొట్టం ఉంది నోట్లో.

బతికాడు. బతికినందుకు ఏమీ అనిపించకపోవడం అప్పుడే మొదలైంది. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు, సున్నం లేచిపోయిన చోట ఒక మరక, అది ఎడ్లబండిలా ఉంటుంది, ఎండ మారేకొద్దీ బండి చక్రం నీడలోకి పోతుంది, పోయాక మధ్యాహ్నం అయినట్టు. బాయిలో అతను రూఫ్ మనిషి. బొగ్గు తీసిన చోట ఎవరన్నా కాలు పెట్టేముందు ఇనుప గడతో పైకప్పు కొట్టి, చప్పుడు విని చెప్పాలి, గట్టి రూఫ్ గంటలాగా మోగుతుంది, లోపల పొర విడిచిన రూఫ్ డప్పులాగా మోగుతుంది, డప్పు చప్పుడు వినబడితే అందరినీ వెనక్కి పంపి కప్పుకు ఊతంగా కర్ర దిమ్మెలు నిలబెట్టాలి. ఇరవై ఏడేళ్లు ఆ చప్పుడే విన్నాడు. మంచం మీద పడుకుని గుండెల మీద వేళ్లతో కొట్టి చూసుకునేవాడు. ఏ చప్పుడూ రాలేదు. జమున తలకు నూనె రాస్తే నూనె రాసినట్టే ఉండేది, అక్కడ ఎవరో ఎవరి తలకో రాస్తున్నట్టు. అన్నం పెడితే బియ్యం నమలడం ఒక పని అనిపించి మధ్యలో ఆపేసేవాడు. డాక్టరు డిప్రెషన్ అని ఒక గోలి రాశాడు. అవ్వ దాన్ని మనాది అంది. 'మనాది పట్టిన మనిషికి ఒంటరి కూడు పెట్టొద్దు,' అని తన కంచం కూడా తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

జమున లక్ష్మీనగర్‌లో చీరల దుకాణంలో పని చేస్తుంది, తొమ్మిదింటికి పోతే చీకటిపడే వేళకు వస్తుంది. పగలంతా ఇంట్లో తల్లీ కొడుకే. దవాఖానలో తిండి సంగతి చెప్పే సంధ్యారాణి మేడం ఒక కాగితం రాసిచ్చింది, ఏది తినొచ్చు, ఏది ముట్టొద్దు. టమాట వద్దు, బెల్లం వద్దు, అరటిపండు వద్దు, ఊరగాయ పేరే ఎత్తొద్దు. సొరకాయ, బీరకాయ పర్వాలేదు, అవి కూడా చిన్న ముక్కలు కోసి, రెండు గంటలు నీళ్లలో నానేసి, ఆ నీళ్లు పారబోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లూ వంచేసి, అప్పుడు. ఉప్పు చిటికె కూడా కాదు. అవ్వకు చదువు రాదు, కాగితాన్ని పొయ్యి పైన గోడకు అన్నం మెతుకులతో అంటించి, ప్రతి పొద్దూ అతన్ని మంచం మీద నుంచి లేపి, చదువు చదువు అని చదివించేది. ఏడో తరగతి మధ్యలో ఆపేసినవాడు, చదివేవాడు. చదివాక కత్తి చేతిలో పెట్టేది. మొదట రెండు ముక్కలు కోసి పడుకునేవాడు. తర్వాత సగం కాయ. నెల తిరిగేసరికి నానెయ్యడం, వంచడం అంతా అతనిదే, నీళ్లు కొలిచి సీసాలో పోసుకోవడం అతనిదే, పదింటికి మొదలుపెడితే ఒంటిగంటకు కంచం ముందుకు వచ్చేది. బతకాలన్న కోరికతో కాదు ఇదంతా. ముక్కలు ఒకే సైజులో రావాలి, అంతే. నీళ్లు తెల్లగా తేలేదాకా వంచాలి, అంతే. చేతులకు పని ఉన్న ఆ మూడు గంటలు ఎడ్లబండి మరక గుర్తుకు వచ్చేది కాదు. తిని కంచం తోస్తే అవ్వ అనేది, 'మస్టర్ పడ్డది బిడ్డా. ఇగ పండుకో.' డ్యూటీకి పోయినవాళ్లకు పడే హాజరు అది. ఒకరోజు తినకపోతే, 'నాగా వెట్టినవ్, జీతం కోత,' అని దాహం ఆగడానికి అతనికిచ్చే ఐసుముక్క తాను నోట్లో వేసుకుని చప్పరించేది, అతను చూస్తుండగా. అతనికి కోపం వచ్చేది. కోపం రావడం బాగుండేది.

ఎదురుగా కూర్చుని ఆమె తినేది. అదే గిన్నెలోంచి. ఒక్కరోజు కూడా అతను ఆ కంచంలోకి చూడలేదు. ఆమె పక్కన ఉప్పు గురిగి ఉందో లేదో, మామిడి తొక్కు ముక్క ఉందో లేదో, పదకొండు నెలలు, ఎన్ని మధ్యాహ్నాలు అవుతాయి. రూఫ్ చూసే మనిషి. మూర దూరంలో ఉన్న కంచం చూడలేదు. సాయంత్రం జమున వచ్చి కూర వండితే, నాకు పగటిదే అరగలేదు అని మిగిలిన చప్పిడి మెతుకులు రెండు నోట్లో వేసుకుని పడుకునేది. ముసలివాళ్లు తక్కువే తింటారు గదా అనుకున్నారు. చీర కట్టు వదులైతే ఎండాకాలం గదా అనుకున్నారు.

ఇప్పుడు ఆ చోటు వచ్చేసింది. ఇంక చుట్టూ తిరగడానికి చోటు లేదు. రఘుపతి గుమ్మంలో ఉప్పు విషమన్నాడు, నిజమే, కాలనీలో నూరు గుమ్మాల్లో అన్నాడు, నూరు ఇళ్లలో ముసలివాళ్లు తల ఊపి రాత్రికి తొక్కు వేసుకుని తిన్నారు. సారవ్వ మీద రఘుపతి మాట పనిచెయ్యలేదు. శిబిరం నుంచి, దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన మొదటి వారం, చప్పిడి సొరకాయ మెతుకులు నోట్లో పెట్టుకుని, మింగలేక, కంచంలో ఉమ్మేశాడు నర్సింగం. అవ్వ ఆ కంచం తీసి పక్కన పెట్టి, 'నేను గూడ నీతోని చప్పిడే తింట బిడ్డా. ఇద్దరం తింటె ఎక్కుతది,' అంది. ఆమె మంచికే అంది. ఆ మంచితనం చూస్తే అతనికి ఒళ్లు మండింది, ఆ రోజుల్లో మండే చోటు ఒంట్లో అదొక్కటే మిగిలింది. అన్నాడు. ఇప్పటికీ ఆ గొంతు అతనికి వినబడుతోంది, ఎవరిదో పరాయి మనిషి గొంతులాగా. 'తిను. నాకు తగ్గేదాక తిను. ఒక్క ఉప్పుకల్లు నోట్ల ఏసుకున్నా నా మీద ఒట్టు. సూద్దం, ఎన్ని దినాలు తింటవో.' అని గోడ వైపు తిరిగాడు. ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. ఎత్తిపొడుపు ఎవరు గుర్తుపెట్టుకుంటారు. కిడ్నీలు తగ్గేవి కావు, చచ్చేదాకా మిషనే, అది అతనికి తెలుసు, డాక్టరు చెప్పినప్పుడు అవ్వ కూడా పక్కనే ఉంది, ఆమెకూ తెలుసు. అయినా కొడుకు ప్రాణం మీద పడ్డ ఒట్టు. ఉప్పు లేకుండా జొన్న రొట్టె, ఉప్పు లేకుండా మజ్జిగ, ఆమె నోరు ఎట్లా ఒప్పుకుందో. అతను రుచి తెలియకుండా తిన్నాడు, అతనికి ఉప్పు ఉన్నా లేకున్నా ఒకటే అయిపోయింది. ఆమెకు రుచి తెలుసు. పల్లెలో చింతకాయ తొక్కు నూరితే నాలుగిళ్లవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవాళ్లు ఆమె దగ్గరికి.

జేబురుమాలు తీశాడు. పెదవి మీది మరక తుడిచాడు. అవ్వ మూతి కొద్దిగా కదిలింది, ఈగ వాలితే కదిలినట్టు.

మూడింటికి ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, స్టాండుకు వేలాడుతున్న సీసా ఊగి రెండు చుక్కలు కలిసి పడ్డాయి, జహీరా అత్త ఎవరినో తిట్టింది. అవ్వ కళ్లు తెరిచింది. పైకప్పు వైపు చూసింది, ఫ్యాను చూసింది, సీసా చూసింది. తర్వాత నర్సింగాన్ని చూసింది. అతను ఆమె చేతులే చూశాడు, ముసుగు సర్దుకుంటుందేమో అని. సర్దుకోలేదు.

'తిన్నవా?' అంది.

గొంతు తాటాకులాగా ఉంది. తిన్నానన్నట్టు తల ఊపాడు. పొద్దున్నుంచి తినలేదు. కూరగాయలు కొయ్యలేదు, నానెయ్యలేదు. ఆమె నమ్మినట్టు లేదు.

అప్పుడే జమున వచ్చింది, చెంగుతో మొహం తుడుచుకుంటూ, స్టీలు టిఫిను పట్టుకుని. అత్త కళ్లు చూసి అక్కడే నిలబడిపోయింది. 'అత్తా, నేనెవర్ని?' అని అడిగింది. 'చీరల షాపుదానివి,' అంది అవ్వ. జహీరా అట్టముక్క నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నర్సు వచ్చి రిపోర్టు చూసి, నూట ఇరవై నాలుగుకు ఎక్కింది, నోటితోని తినిపించుండ్రి, ఉప్పు మంచిగ ఏసి తినిపించుండ్రి, తినకుంటె మల్ల పడిపోతది అని చెప్పి పోయింది. జమున మూత తీసింది. జావ వాసన, ఉప్పు వేసిన మజ్జిగ వాసన. స్పూను నోట్లోకి పోయింది, పోయిన క్షణానికే అవ్వ నాలుకతో బయటికి తోసేసింది. గడ్డం మీద తెల్లగా కారింది. తుడవబోతే మొహం పక్కకు తిప్పి పెదవులు లోపలికి మడిచి బిగించింది, పళ్లు లేని నోరు, మడిస్తే గీతలాగా ఉంది.

'అత్తా, డాక్టరమ్మ చెప్పింది. మందు లెక్క తిను.'

గీత విడలేదు. జమున రెండుసార్లు ప్రయత్నించి స్పూను గిన్నెలో పడేసి నర్సింగం వైపు చూసింది. కళ్లలో కోపం లేదు, అలసట కూడా లేదు, నువ్వు పెట్టినది నువ్వే తియ్యి అన్నట్టు చూసింది. ఆ ఒట్టు సంగతి ఆమెకు ఎట్లా తెలుసు. తెలియకపోవచ్చు. అతనికే అట్లా కనబడి ఉండొచ్చు.

మంచం దగ్గరికి జరిగాడు. 'అవ్వా. నాకు తగ్గింది. మిషను బంద్ చేసిండ్రు. తిను.'

అవ్వ చెయ్యి కదిలింది. సూది లేని చెయ్యి. దుప్పటి మీద నుంచి పాక్కుంటూ వచ్చి అతని ఎడమ చేతిని పట్టుకుంది, మోచేతి కింద నరాన్ని నరానికి కుట్టి ఉబ్బించిన చోట రెండు వేళ్లు పెట్టింది. లోపల తేనెటీగల గూడు ఉన్నట్టు జుమ్మంటుంది అక్కడ, మిషను సూదులు దిగే చోటు.

'ఇంక మోగుతనే ఉన్నది గదరా,' అంది. మళ్లీ మూతి బిగించింది.

అబద్ధం అంత దూరం కూడా పోలేదు. ఏం చెప్పాలి. చిన్నప్పుడు పిల్లలు ఆటలో ఒట్లు పెట్టుకుని, చీకటిపడే వేళకు ఇంటికి పోతూ తీసేసుకునే మాట ఒకటి ఉంటుంది. ఆ మాట అతని నోటికి వచ్చి నలభై ఏళ్లయింది. ఎవరన్నా వింటే నవ్వుతారు, జహీరా వింటోంది, జమున వింటోంది. గొంతు ఎండిపోయింది, సీసాలో ఈ రోజు వంతు ఇంకా రెండు గుక్కలు ఉన్నాయి, తాగలేదు.

'అవ్వా, నేను పెట్టిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. నా మీద ఏం లేదు. నువ్వు తిను.'

అవ్వ మొహం మెల్లగా ఇటు తిరిగింది. అతని నోటి నుంచి ఆ మాట నిజంగానే వచ్చిందా అన్నట్టు పెదవులే చూసింది.

'ఏ గట్టు మీద పెట్టినవ్?'

'గట్టు మీద అవ్వా.'

'ఏ గట్టంటే. ఈడ సిమెంటు బండల మీద ఉన్నదా గట్టు?'

'మన చేని గట్టు మీదనే.'

'ఈడ కూసోని పెడితె అది ఆడికెట్ల పోతది.' కాసేపు ఊపిరి తీసుకుంది. 'పెద్ద ఒట్టు అది. పాణం మీద పెట్టినవ్. నన్ను తోలుకపో. నా ముంగట గట్టు మీద కూసోని తియ్యి. గప్పుడైతె తింట.'

'గప్పటిదాక తినకుంటె ఎట్ల అవ్వా.'

'తోలుకపోతనంటె ఇప్పుడు తింట.'

జమున గిన్నెలోకి చూస్తోంది. స్పూనుతో జావను కలుపుతోంది, కలపాల్సిన పని లేకపోయినా. ఆమె తల ఎత్తలేదు.

'తోలుకపోత,' అన్నాడు నర్సింగం.

'ఎన్నడు?'

'వాన పడనీ. దుక్కి అదునుకు పోదం.'

అవ్వ నోరు తెరిచింది. మొదటి స్పూను లోపలికి పోయింది, ఉప్పు తగలగానే మొహం అంతా ముడుచుకుంది, పదకొండు నెలల తర్వాత నాలుక మీద పడ్డ ఉప్పు, కళ్లలో నీళ్లు తిరిగాయి, మింగింది. రెండోది. మూడోదానికి తనే ముందుకు వచ్చింది. జహీరా 'షాబాష్ అవ్వా' అంది మెల్లగా. నర్సింగం చూస్తూ కూర్చున్నాడు. ఎదలో ఏదన్నా కదులుతుందేమో అని కాసేపు ఆగి చూశాడు. కింద అతని పేరు పిలిచే వేళ అవుతోంది. లేవాలి.

'ఎకరం చేను, యాడనో ఒక కాడ పెట్టి మర్చిపోకు,' అంది అవ్వ, నోట్లో జావతోనే. 'చెరువు దిక్కు గట్టు మీద పెడుదం. ఆడ నీడ ఉంటది.'

ఆమె దాన్ని ఎప్పుడూ ఎకరం అనే అంటుంది. ఈ యాసంగి పంట వడ్లు బజారులో కొని తెచ్చి, మన చేనువే అని బస్తా విప్పి చూపిస్తే, చేతిలో పోసుకుని వాసన చూసి, మన నేల వాసన వేరే అంది. గోదావరి అవతలి శిబిరంలో మూడు నెలల డబ్బు ముందే కట్టమంటే, కిందటేడు ఉగాది దాటిన నాలుగో నాడు, జమున సాక్షి సంతకం చేస్తుండగా, అవ్వకు చెప్పకుండా, నర్సింగం ఆ చేను అగ్గువ ధరకు అమ్మి రాసిచ్చేసిన కాగితంలో నిండు ఎకరం లేదు. నాలుగు దిక్కులా గట్లతో, చేని నీళ్ల బాయిలో వాటాతో కలిపి, ముప్పై ఏడు గుంటలు.